సామర్లకోట దగ్గర ఆగిన మిషనరీ

మా తిరువూరు పాస్టరుగారి తీర్పు ప్రకారం బెంజమిన్ హైనె తప్పిపోయిన గొర్రె. సువార్త చెప్పమని పంపిస్తే సముద్రం దాటి వచ్చి, ఆకులూ అలములూ ఏరుకుంటూ ఉండిపోయిన మనిషి. "నాగలి పట్టి వెనక్కి చూశాడండీ పంతులుగారూ" అంటారాయన, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. నేను ఒప్పుకోను. బస్టాండు దగ్గర టీ కొట్లో ఈ వాదన మా ఇద్దరి మధ్య చాలాకాలంగా నడుస్తోంది. తమాషా ఏమిటంటే, క్రైస్తవ మిషనరీని వెనకేసుకొచ్చేది శివాలయం అర్చకుడి కొడుకు, తప్పుపట్టేది చర్చి అయ్యగారు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ పక్షపాతం ఎక్కడిదో మీకు అర్థం కాదు. నాన్నగారి దగ్గర సంధ్యావందనంతో పాటు పూజావిధులన్నీ నేర్చుకున్నాను. తర్వాత వృక్షశాస్త్రం చదివి, కాలేజీలో అదే చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం, పది గంటలకు క్లాసులో గురివింద గింజ నిలువుకోత. రెండింటికీ పొసగదని అటువాళ్లూ ఇటువాళ్లూ అన్నారు. స్టాఫ్ రూములో విభూతి రేఖల మీద జోకులు వేస్తే, పందిట్లో "లెక్చరరుగారు కదా, నమ్మకం ఉందో లేదో" అన్న గుసగుసలు వినబడేవి. అందుకని బోధకుడిగా బయల్దేరి ప్రకృతి శాస్త్రంలో తేలినవాళ్లు ఎవరు కనబడ్డా నాకు చుట్టరికం కలుస్తుంది.

హైనె 1770లో సాక్సనీలో పుట్టాడు. ఆయనది మొరేవియన్ సహోదరుల సంఘం. ప్రొటెస్టెంట్లలో అదొక చిన్న శాఖ, హెర్న్‌హూట్ అనే ఊరు దానికి కేంద్రం. బోధకుడైనా చేతిపని తెలిసి ఉండాలనేది వాళ్ల పద్ధతి. వైద్యమో వడ్రంగమో తోటపనో చేసుకుంటూ తన తిండి తాను సంపాదించుకుని దేవుడి పని చెయ్యాలి. వాళ్లు 1760లో డేన్ల చేతిలో ఉన్న తరంగంబాడికి వచ్చి, తోట వేసుకుని స్థిరపడ్డారు. సువార్త పనిలో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు గాని తోట మాత్రం బాగానే పెరిగింది. ఈ మాట చెప్పినప్పుడల్లా పాస్టరుగారు "అదే నేననేది" అంటారు.

1790ల మొదట్లో హైనె అక్కడికి చేరేసరికి, తరంగంబాడి మిషనరీలకు మొక్కల పిచ్చి పట్టి పాతికేళ్లయింది. అంటించినవాడు కోనిగ్. స్వీడన్‌లో లిన్నేయస్ దగ్గర చదువుకుని, 1768లో మిషన్ వైద్యుడిగా వచ్చాడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. ఆయన చుట్టూ చేరినవాళ్లలో రోట్లర్ అచ్చమైన బోధకుడు. 1776లో వచ్చి 1836లో మద్రాసులో పోయేదాకా ఆరాధనలు నడిపాడు, తమిళ నిఘంటువు కూర్చాడు, మొక్కలు ఎండబెట్టి కాగితాలకు అంటించాడు. అంతకుముందు సామర్లకోటలో కంపెనీ తోట చూసిన రాక్స్‌బర్గ్ దొర ఒక చెట్టుకు ఆయన పేరే పెట్టాడు, రోట్లేరా అని. మనవాళ్లకు తెలిసిన చెట్టే. దాని కాయల మీద ఎర్రటి పొడి ఉంటుంది, వసంతగుండ అంటాం. పట్టుకు రంగు వేస్తారు, కడుపులో పాములకు మందుగా ఇస్తారు. తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టును మాలోటస్ అనే ప్రజాతిలోకి మార్చేశారు, రోట్లర్ పేరు ఎగిరిపోయింది. వసంతగుండ మిగిలింది.

రోట్లర్‌తో పాస్టరుగారికి పేచీ లేదు. ఆయన రెండు పనులూ చేశాడు. హైనె అలా కాదు, ఒకటి వదిలేశాడు. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు వెళ్లిపోతే సామర్లకోటలోని కంపెనీ తోట హైనె చేతికొచ్చింది. మిరియాల తీగలు, నీలిమందు, కాఫీ, పట్టుపురుగులకు మల్బరీ, ఇవీ ఆ తోటలో నడిచిన ప్రయోగాలు. అక్కణ్ణించి ఆయన కంపెనీ నౌకరు. టిప్పు సుల్తాను పడిపోయాక మైసూరు సర్వేలో, మనకు కైఫీయతులు మిగిల్చిన కాలిన్ మెకంజీ వెంట వైద్యుడిగా, ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా తిరిగాడు. బెంగుళూరు లాల్‌బాగ్ కొంతకాలం ఆయన అజమాయిషీలో ఉంది. 1814లో లండన్‌లో ఒక లావుపాటి పుస్తకం అచ్చు వేయించి, మళ్లీ ఇక్కడికే వచ్చి, 1819లో మద్రాసులో చనిపోయాడు. ప్రొఫెసరు కాలేదు, బిషప్పూ కాలేదు. వచ్చిన పని మానేసి వేరే పని చేసుకున్న మనిషి. ఇంతవరకూ పాస్టరుగారి మాటే నిజం.

నాకు తట్టేది వేరే సంగతి. దానికి వినాయక చవితి పత్రి దగ్గరికి వెళ్లాలి.

వ్రతకల్పంలో ఇరవై ఒక్క ఆకులున్నాయి. మాచి, బృహతి, బిల్వం, దూర్వ, ఇలా చదువుతూ పోతే చివరికి అర్క, అంటే జిల్లేడు. వాటిలో గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, రావి, మద్ది మా ఊరి చుట్టూ కట్టలేరు గట్టు మీద, చేలగట్ల మీద, కొండపల్లి వైపు అడవిలో దొరుకుతాయి. మామిడి సంగతి చెప్పనే అక్కర్లేదు, తిరువూరు చుట్టూ ఉన్నవి ఆ తోటలే. చిక్కు ఒకటి రెండింటి దగ్గర వస్తుంది, ముఖ్యంగా దేవదారు దగ్గర. సంస్కృత గ్రంథాల దేవదారు హిమాలయాల చెట్టు, సెడ్రస్ దేవదార. మా మెట్ట ప్రాంతంలో దాని ఆకు చూసినవాడు లేడు. అయినా చవితి ముందురోజు బజార్లో కట్టే ప్రతి కట్టలోనూ దేవదారు ఉంటుందని అమ్మేవాళ్లు ప్రమాణం చేస్తారు. విప్పి చూస్తే ఒక్కోసారి నరమామిడి రెమ్మ ఉంటుంది, అశోకం అని అందరూ పొరబడే చెట్టు అది. ఒక్కోసారి దక్షిణాది పొద అడవుల్లో దేవదారు అని పిలిచే చిన్న చెట్టు, ఎరిథ్రాక్సిలం మోనోగైనమ్. దక్షిణ అమెరికా వాళ్లు నమిలే కోకా ఆకు ఈ ప్రజాతిదే అని క్లాసులో చెబితే పిల్లలు ఒక్కసారిగా నిద్ర లేచేవారు.

చిన్నప్పుడు నాన్నగారిని అడిగాను, "ఇది దేవదారేనా నాన్నగారూ?" అని. "మంత్రం చదివాక అదే అవుతుందిరా" అన్నారు.

దీన్ని ఊరికే కొట్టిపారెయ్యలేం. భావన అనేది మన ఆరాధనలో చిన్న విషయం కాదు. మట్టి ముద్దలో ప్రాణప్రతిష్ఠ చేసి, తొమ్మిది రోజులు కొలిచి, నీళ్లలో కలిపేవాళ్లం మనం. మట్టి దేవుడైనప్పుడు నరమామిడి దేవదారు ఎందుకు కాకూడదు? చాలాకాలం నాకు దీనికి జవాబు దొరకలేదు. జవాబు దొరికింది బోటనీ పుస్తకంలో కాదు, పూజావిధానంలోనే. ఏదైనా ఉపచారానికి వస్తువు లేకపోతే ఏమంటాం? వస్త్రం లేకపోతే "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అంటాం. ఆభరణాలకు బదులూ అక్షతలే. లేదు కనుక అక్షతలు ఇస్తున్నానని దేవుడి ముందే ఒప్పుకునే వీలు విధిలోనే పెట్టారు పెద్దలు. పాత తువ్వాలు కప్పి ఇది పట్టువస్త్రం అనమని చెప్పలేదు. మట్టి విగ్రహం సంగతీ అంతే, అది మట్టి అని అందరికీ తెలుసు, ఎవరినీ మోసం చెయ్యడం లేదు. తెలిసిన మట్టిలో దేవుణ్ణి భావించడం వేరు, ఒక ఆకు చేతిలో పెట్టి వేరే ఆకు పేరు చెప్పడం వేరు. దేవదారు దొరకనప్పుడు భక్తుడికి ఉన్న మర్యాదైన దారి గుప్పెడు అక్షతలు.

ఇది నాన్నగారికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అక్షతలు వేస్తే దక్షిణ తగ్గుతుందిరా" అన్నారు. హాస్యానికన్నారో నిజానికన్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నమ్మకం ఉన్నవాడు ప్రకృతిని చదవడం మొదలుపెడితే ఎదురయ్యే అసలు ప్రశ్న ఇదేననిపిస్తుంది నాకు. దేవుడున్నాడా లేడా అనేది కాదు. తెలియనిచోట, దొరకనిచోట అక్షతలు వేస్తాడా, లేక ఏదో ఒక ఆకు పెట్టి పేరు చదివేస్తాడా అనేది.

హైనె దగ్గరికి మళ్లీ వద్దాం. తిరువూరు నుంచి విస్సన్నపేట మీదుగా నూజివీడు వెళ్లి, ఇంకాస్త ముందుకు పోతే రమణక్కపేట. ఇప్పుడది ఏలూరు జిల్లా ముసునూరు మండలం, అప్పట్లో నూజివీడు జమీందారీ. 1795లో హైనె ఆ ఊరు వెళ్లి, అక్కడ ఇనుము ఎలా తీస్తారో చూసి రాశాడు. రాయి ఎక్కడ తవ్వుతారు, ఎలా కొడతారు, బొగ్గు ఎలా కాలుస్తారు, మట్టి కొలుములు ఎలా కడతారు, తోలు తిత్తులు ఎలా ఊదుతారు. గాంధేయవాది ధరంపాల్ పద్దెనిమిదో శతాబ్దపు భారతీయ విజ్ఞానం మీద వేసిన సంకలనంలో ఆ నివేదికను చేర్చాడు కాబట్టి నాబోటివాడికి చదివే భాగ్యం కలిగింది. మల్లవల్లి వజ్రాల గనుల గురించీ, అగ్నిగుండాల రాగి గనుల గురించీ కూడా ఆయన ఇలాగే రాశాడు. మనలో ఎంతమంది రమణక్కపేట మీదుగా వెళ్లి ఉంటాం, ఆ నేలలో ఇనుముందని ఎంతమందికి తెలుసు?

ఆ నివేదికలో నన్ను పట్టి ఆపింది ఇనుము కాదు, కరవు. 1790 దశకం మొదట్లో ఉత్తర సర్కారులను తుడిచిపెట్టిన పెద్ద కరవు అప్పుడే వెళ్లింది. అంతకుముందు ఊళ్లో కొలుములు చాలా ఉండేవనీ, పనివాళ్లు బాగా బతికేవారనీ, కరవు తర్వాత మిగిలినవాళ్లు దీనస్థితిలో ఉన్నారనీ హైనె రాస్తాడు. అంతే. తర్వాత మళ్లీ రాయి, బొగ్గు, తిత్తి.

బోధకుడి చదువు చదివినవాడు ఇక్కడ ఏమనాలి? ఆ రోజుల్లో యూరపులో జవాబు సిద్ధంగా ఉంది. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ అనే మతగురువు ప్రకృతి గురించి ఒక పుస్తకం రాశాడు. గడియారం కనబడితే దాన్ని చేసినవాడు ఉన్నాడని తెలిసినట్టే, కన్ను చూసినా కీలు చూసినా సృష్టికర్త తెలివి, దయ తెలుస్తాయని దాని సారం. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. పేలీ చేతిలో ప్రతి ఉపచారానికీ ఒక ఆకు ఉంది, అక్షతలతో ఆయనకు పనే పడలేదు. ఆ పుస్తకాన్ని కరవు తర్వాతి గోదావరి గట్టున కూర్చుని రాయాల్సి వస్తే పేలీ ఏం చేసేవాడో నేను ఊహించలేను. వాన పడకపోవడంలో ఏ కీలు, ఏ పళ్లచక్రం, ఏ దయ?

మనవాళ్ల జవాబు కూడా సిద్ధంగానే ఉంది, కర్మ. ఎదుటివాడి ఆకలికి పూర్వజన్మ పాపం అని పేరు చదవడం నాకు నరమామిడిని దేవదారు అన్నట్టే వినబడుతుంది. తన కష్టానికి తాను ఆ పేరు పెట్టుకుని ఓర్చుకుంటే అది వేరు మాట. ఎదుటివాడి కష్టానికి పెట్టకూడదు. పౌరోహిత్యంలో ఎన్నో ఇళ్లలో పదోరోజు, పన్నెండోరోజు కూర్చున్నాను, ఈ ఒక్క మాట మాత్రం నా నోట రానివ్వలేదు.

హైనె ఏ పేరూ చదవలేదు. దేవుడి ఉగ్రత అని గాని, ఈ ప్రజల పాపం అని గాని ఆ కొలుముల దగ్గర రాయలేదు. ఒకప్పుడు ఇలా ఉంది, ఇప్పుడు ఇలా ఉంది అని రాసి ఊరుకున్నాడు. పాస్టరుగారు దీన్ని చప్పిడి లెక్క అంటారు. నేను అక్షతలు అంటాను. చెప్పడానికి నిజమైన మాట లేనిచోట కాగితం మీద తెల్లటి జాగా వదలడం చదువుకున్న బోధకుడికి ఎంత కష్టమో, పందిట్లో మైకు పట్టుకుని మాట్లాడే అలవాటున్న నాకు తెలుసు.

ఆయన్ని మరీ ఎత్తెయ్యకూడదు. జీతం కంపెనీది. ఇనుము, రాగి, వజ్రం ఎక్కడుందో తెలిస్తే లాభం కంపెనీకే. ఆ పుస్తకంలో ఈ దేశపు మనుషుల మీద దురుసు మాటలూ ఉన్నాయి. కానీ మన వైద్య గ్రంథాల గురించి ఆయన చెప్పిన మాట చూడండి. అవి దేవతలు దించిన అద్భుతాలూ కావు, చెత్తకుప్పలూ కావు, చికిత్సలో చాలా సూత్రాలు మావాటికి దగ్గరగానే ఉన్నాయి అన్న అర్థంలో తీర్పు చెప్పాడు. 1814 నాటి యూరపువాడి నోట అది సామాన్యమైన మాట కాదు. ఆయుర్వేదం పేరెత్తితే ఆకాశానికి ఎత్తడమో, పాతాళానికి తొక్కడమో తప్ప మూడో పద్ధతి రాని మన టీవీ చర్చలు చూస్తే, రెండు వందల ఏళ్ల కిందటి ఆ మనిషి తూకం మీద నాకు గౌరవం పెరుగుతుంది.

"అయితే బోధకుడిగా ఉండి అంత నిజాయితీ చెయ్యలేడా? మానేస్తేనే వస్తుందా?" ఇది పాస్టరుగారి అసలు అస్త్రం. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆయన మాట నిజం. మానక్కర్లేదు. చరిత్రలో ఎక్కువమంది మానలేదు. బ్రనో మఠంలో బఠాణీలు నాటి లెక్కలు వేసిన మెండెల్ సన్యాసిగానే ఉండి మఠాధిపతి అయ్యాడు. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ సాంతాపావ్ జెస్యూట్ గురువు, బొంబాయి సెయింట్ జేవియర్స్‌లో బోటనీ ప్రొఫెసరు. ఖండాలా కొండల మొక్కల మీద పుస్తకం రాశాడు. 1961 నుంచి 1967 దాకా మన దేశపు వృక్ష సర్వేక్షణ శాఖకు డైరెక్టరు. భారత పౌరసత్వం తీసుకున్నాడు, పద్మశ్రీ వచ్చింది. విజయవాడలో 1953లో లయోలా కాలేజీ పెట్టినవాళ్లూ ఆ జెస్యూట్లే. గురువులే సైన్సు చదువులు నడపడంలో వింత ఉందని మా కృష్ణా జిల్లావాళ్లు ఎప్పుడూ అనుకోలేదు, సీట్ల కోసం క్యూలు కట్టారు.

ఈ జాబితాలో నాకు ఎక్కువ ఇష్టమైనవాడు జాన్ స్టీవెన్స్ హెన్స్‌లో. డార్విన్ గురువుగా పుస్తకాల్లో ఒక వాక్యం దక్కించుకున్న మనిషి. ఆయన్ని చూడాల్సింది వేరేచోట. 1822లో కేంబ్రిడ్జిలో ఖనిజశాస్త్ర ప్రొఫెసరయ్యాడు, 1824లో గురుపట్టం పొందాడు, మరుసటేడు బోటనీ ప్రొఫెసరు పదవి చేపట్టాడు. అప్పటిదాకా ఆ పదవి పేరుకే ఉండేది. పిల్లల్ని పొలాలవెంట తిప్పుతూ, చేతికి మొక్క ఇచ్చి కోసి చూడమంటూ ఈయన చదువు తీరే మార్చేశాడు. 1831లో బీగిల్ ఓడకు డార్విన్ పేరు సూచించింది ఆయనే. 1837లో హిచమ్ అనే బీద పల్లెకు పాదిరీగా నియమితుడై, తర్వాత మకాం కూడా అక్కడికే మార్చి, చివరిదాకా అక్కడే ఉన్నాడు. అక్కడ కూలీల పిల్లలకు బడి పెట్టి మొక్కల శాస్త్రం నేర్పాడు. కష్టమైన వృక్షశాస్త్ర పదాలు తప్పులేకుండా రాస్తేగాని పిల్లల్ని ఆ తరగతిలోకి రానిచ్చేవాడు కాదు. రైతులకు ఎరువుల ప్రయోగాలు చేసి చూపించాడు. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో హక్స్‌లీకీ బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ మధ్య పరిణామవాదం మీద గొడవ జరిగినప్పుడు ఆ సభకు అధ్యక్షుడు ఈయనే. శిష్యుడి సిద్ధాంతం ఈయనకు పూర్తిగా నచ్చలేదు. అయినా శిష్యుడి పక్షంవాళ్ల మాట కూడా సభ వినేలా చూశాడు. ప్రొఫెసరుగా గొప్పవాడో, పాదిరీగా గొప్పవాడో గాని, ఒప్పుకోని మాటకు చోటివ్వడం చేతనైనవాడు.

ఆ శిష్యుడికి సృష్టిలోని క్రూరత్వమే ముల్లయింది. గొంగళిపురుగు బతికుండగానే దాని ఒంట్లో గుడ్లు పెట్టి, పిల్లలచేత లోపల్నించి తినిపించే కందిరీగలున్నాయి. దయగల దేవుడు కావాలని ఇలాంటివి పుట్టించాడంటే తనకు నమ్మబుద్ధి కావడం లేదని డార్విన్ 1860లోనే అమెరికాలోని ఏసా గ్రేకు రాశాడు. గ్రే బోటనీ ప్రొఫెసరు, గట్టి క్రైస్తవుడు, అయినా డార్విన్‌కు మంచి స్నేహితుడు. ఆ కందిరీగలు మా మామిడి తోటల్లోనూ ఉన్నాయి. పురుగులను చంపి రైతుకు మేలు చేస్తాయి. రైతు దేవుడికి దండం పెట్టుకుంటాడు. గొంగళిపురుగు ఎవరికి మొక్కాలి? క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడీ ప్రశ్న. నేను అక్షతలు వేశాను.

దేవదారు దగ్గర ఒక మాట మిగిలిపోయింది. మన పొద అడవుల ఎరిథ్రాక్సిలం ఆకును 1876-78 కరవులో మద్రాసు ప్రెసిడెన్సీ జనం విరివిగా తిన్నారని ఆనాటి వైద్యులు రాసిపెట్టారు. ఆ ఆకులో అంత బలమేమీ లేదు, మరి దేనికి తిన్నారని వాళ్లకు ఆశ్చర్యం. కోకాతో చుట్టరికం ఉంది కాబట్టి ఆకలిని కాస్త మొద్దుబార్చేదేమోనని నా ఊహ. ఊహ మాత్రమే. వ్రతకల్పంలో గణపతికి దేవదారు పత్రం సమర్పించేటప్పుడు ఇప్పుడు నాకు ఆ జనం గుర్తొస్తారు. శాస్త్రం చదివితే భక్తి పలచబడుతుందంటారు. నా అనుభవంలో పూజ నెమ్మదించింది, అంతే. ఒక్కో ఆకు దగ్గర ఆగాల్సి వస్తుంది. మారేడు దగ్గర, ఉత్తరేణి దగ్గర, జిల్లేడు దగ్గర. యజమానులు గడియారం చూస్తారు.

ఇదంతా వినిపించాక పాస్టరుగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్క విషయం చెప్పండి. ఇంతమంది ఇన్ని మొక్కలకు పేర్లు పెట్టారు కదా, కొమ్మ తుంచి తెచ్చినవాడి పేరు ఎక్కడైనా రాశారా?" అన్నారు. ఈసారి గట్టి చోటే పట్టుకున్నారు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో మనవాళ్లచేత గీయించిన బొమ్మల్లో మూడు వందలు ఏరి, 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఆకు ఈనె, పువ్వు రేకు, గింజ అడ్డుకోత, అన్నీ ఉన్నాయి. తెలుగు పేర్లు కూడా రాశారు. గీసినవాళ్ల పేర్లు మాత్రం ఆ బొమ్మల మీద లేవు. హైనె పంపిన ఎండు మొక్కలు బ్రెమెన్ దగ్గర రోత్ అనే వైద్యుడికి చేరాయి. మన దేశం మొహం చూడని ఆ రోత్ 1821లో వాటిని వర్ణించి పుస్తకం వేశాడు. హీనియా అనే ప్రజాతి హైనె పేరు మీద నిలిచింది. ఆయన వెంట బుట్ట మోసినవాడి పేరు మీద ఏదీ లేదు. "మా గ్రంథంలో మంచి కాపరి తన గొర్రెల్ని పేరుపెట్టి పిలుస్తాడు" అన్నారు పాస్టరుగారు. "మీవాడు ఆకుల్ని పిలిచాడు."

కొట్టివెయ్యాలని చూశాను. కంపెనీ రోజులనీ, అప్పటి పద్ధతనీ అన్నాను. నాకే ఆ జవాబు నచ్చలేదు. మా పూజల్లోనూ అంతేగా. కర్త పేరు, గోత్రం, నక్షత్రం మూడుసార్లు చదువుతాం, పత్రి కోసుకొచ్చినవాళ్ల పేరు సంకల్పంలో ఎక్కడా రాదు.

పోయిన చవితికి ఎ.కొండూరు తండా నుంచి పత్రి తెచ్చి బస్టాండు ముందు అమ్ముకునే పెద్దావిడ దగ్గర కూర్చుని, ఒక్కో ఆకూ ఏ గుట్ట మీద కోసిందో, లంబాడీ భాషలో ఏమంటారో అడిగి నోటుబుక్కులో రాసుకున్నాను. దేవదారు అని పెట్టినదాన్ని చూపించి ఇదెక్కడిది అంటే, "ఏదో ఒకటి పెట్టకపోతే మీ పంతుళ్లే ఊరుకోరుగా" అంది. ఆఖరున ఆమె పేరు అడిగాను. "నా పేరు నీకెందుకు సామీ, ఆకుల పేర్లు రాసుకో" అంది. పత్రి తెచ్చింది నువ్వే కదా, రాస్తాను అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, పేరు చెప్పి, కట్టకు ఐదు రూపాయలు పెంచింది.